ఫ్రీ డిష్‌లో వచ్చే మ్యాచ్ కేబుల్‌లో ఎందుకు రావట్లేదు?

అన్నలూ, అక్కలూ, తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి. నల్లగొండలో మా ఇంట్లో కేబుల్ ఉంది, దేవరకొండ దగ్గర ఊళ్లో మా బాపుకు డీడీ ఫ్రీ డిష్ ఉంది. ఇండియా మ్యాచ్ ఉన్న రోజు ఆయన నెలకు పైసా కట్టకుండా డీడీ స్పోర్ట్స్‌లో చూస్తాడు, నేను అదే ఛానల్ పెడితే ఏదో పాత ఆట నడుస్తుంటుంది. ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్ డీడీని నడిపే ప్రసార భారతికి ఇవ్వాలని 2007 చట్టం ఉంది, కానీ దాన్ని ప్రైవేటు కేబుల్, డీటీహెచ్‌లకు పంపొద్దని 2017లో సుప్రీంకోర్టు చెప్పిందని చదివాను. హక్కులు కొన్నవాళ్ల బాధా అర్థమవుతుంది, 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ హక్కులే 48,390 కోట్లు పలికాయి, అదంతా ప్రకటనల్లో, చందాల్లో రాబట్టుకోవాలి. అయినా డీడీలో వచ్చే ప్రకటనల డబ్బులో 75 శాతం వాళ్లకే పోతుంది కదా, నెలనెలా కేబుల్ బిల్లు కట్టే మాకు ఆపడం నాకైతే న్యాయం అనిపించట్లేదు.

ఇప్పుడు నా ప్రశ్న: కేబుల్ బాక్స్ తీయకుండా అదే టీవీకి ఫ్రీ డిష్ బాక్స్ కూడా పెట్టుకోవచ్చా? మా డాబా మీద పక్కింటి వేపచెట్టు కొమ్మలు అడ్డం ఉన్నాయి, సిగ్నల్ అందుతుందా? లేక కేబుల్‌లోనే స్పోర్ట్స్ ఛానళ్లు ఒక్కొక్కటిగా తీసుకుంటే తక్కువలో పోతుందా? మహబూబ్‌నగర్, మిర్యాలగూడ వైపు ఎవరైనా ఇలా పెట్టుకుని ఉంటే మొత్తం ఎంతయిందో కూడా రాయండి.