'కుడ్' ఎందుకు తప్పు, 'కుడ్ నాట్' ఎందుకు ఒప్పు?

కృష్ణాతీరం:
మూడు గంటలుగా ఇంగ్లీషు వ్యాకరణంలో ఒకే అభ్యాసం దగ్గర ఆగిపోయాను. గతంలో చేయగలగడం గురించి చెప్పాలంటే 'కుడ్' అనే కదా బడిలో చదువుకున్నాం? నేను అదే రాస్తే జవాబుల్లో 'వాజ్ ఏబుల్ టు' అని ఉంది. ఆ కింది ప్రశ్నకు మాత్రం 'కుడ్ నాట్' సరైనదట! ఎల్లుండే పరీక్ష. ఎవరైనా చెప్పండి.

మితభాషి:
వాక్యం ఏది?

విశ్రాంత ఉపాధ్యాయుడు:
అమ్మా, ఈ రోజుల్లో 'షల్', 'విల్' తేడాయే నేర్పడం లేదు. 'ఐ', 'వుయ్' తర్వాత 'షల్', మిగిలినవాటికి 'విల్'. ఆజ్ఞ, ప్రతిజ్ఞ అయితే తారుమారు. మేము బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్నాం. ముందు ఆ పునాది గట్టి చేసుకోండి.

పదకోశం:
మాస్టారూ, ఇంగ్లండు వాళ్లే మాటల్లో ఇప్పుడు ఎక్కువగా 'విల్' అంటున్నారు. 'తలుపు తీయనా?' లాంటి ప్రశ్నల్లో 'షల్' నిలిచింది. ఆవిడ అడిగింది గతం గురించి.

కృష్ణాతీరం:
వాక్యం చెప్పడం మరిచాను. బస్సు ఆలస్యమైంది, అయినా రైలు అందుకోగలిగాను.

పదకోశం:
చిక్కంతా అక్కడే. అది ఒక్కసారి జరిగి, నెరవేరిన పని. మన తెలుగులోనే చూడండి. 'చిన్నప్పుడు చెరువు ఈదగలిగేదాన్ని' అంటే ఎప్పుడూ ఉండిన శక్తి, అక్కడ 'కుడ్'. 'నిన్న ఎలాగో ఒడ్డుకు చేరగలిగాను' అంటే 'వాజ్ ఏబుల్ టు', లేదా 'మేనేజ్డ్ టు'. 'అందుకోలేకపోయాను' అన్నప్పుడు ఈ పట్టింపు లేదు, 'కుడ్ నాట్' నిశ్చింతగా రాయండి. చూడడం, వినడం వంటి క్రియలకు ఒక్కసారి జరిగినా 'కుడ్' చెల్లుతుంది.

భాషాభిమాని:
'ఏబుల్' విశేషణం. దాన్ని సహాయక క్రియల్లో కలపకండి. అసలు 'కుడ్', 'మే', 'మస్ట్' వంటివాటికి సామర్థ్యార్థకాలు అన్న చక్కని పేరు మనకుంది.

పదకోశం:
'ఏబుల్' సంగతి ఒప్పుకుంటాను. పేరు మాత్రం కుదరదు. 'మే' అనుమతి, 'మస్ట్' విధి. వాటిలో సామర్థ్యం ఎక్కడుంది?

విశ్రాంత ఉపాధ్యాయుడు:
మా పాఠ్యపుస్తకంలో సహాయక క్రియలనే ఉండేది.

భాషాభిమాని:
'డూ', 'హావ్' కూడా సహాయక క్రియలే కదండీ. అన్నిటినీ ఒకే గాటన కడితే పిల్లలకు ఏం తెలుస్తుంది?

కృష్ణాతీరం:
'గలిగేదాన్ని', 'గలిగాను' పెట్టి చూసుకుంటూ మిగతా పది చేశాను. తొమ్మిది సరిపోయాయి. ధన్యవాదాలండి.

మితభాషి:
ఆ పదోది ఏది?