నంది కొండ వాలులో 40×60 సైటు: పర్యావరణ అనుమతి అక్కర్లేదంటున్నారు, నిజమేనా?

చిత్రావతి ఆడపడుచు (బెంగళూరు):
మాది పుట్టపర్తి దగ్గర పల్లె. బెంగళూరు వచ్చి పదకొండేళ్లయింది, ఇప్పటికీ అద్దె ఇల్లే. మా దగ్గరున్న డబ్బుకు నగరంలో సైటు దొరకదు కాబట్టి నంది కొండల వైపు వెతుకుతున్నాం. పోయిన ఆదివారం ఒక లేఅవుట్ చూసి వచ్చాం. పద్దెనిమిది ఎకరాలు. కొండ వాలును మెట్లుమెట్లుగా కోసి సైట్లు వేశారు. మాకు చూపించిన 40×60 మూడో మెట్టు మీద ఉంది.

మావారికి చాలా నచ్చింది. నా కళ్లు మాత్రం సైటు వెనక గట్టు మీదే నిలిచిపోయాయి. జేసీబీతో నిలువునా కోసిన ఎర్రమట్టి, నా ఎత్తుకు రెండింతలు. అంచున ఉన్న కానుగ చెట్టు వేళ్లు సగం గాలిలో వేలాడుతున్నాయి. వాన పడి నాలుగు రోజులైనా గట్టు అడుగున చేయి పెడితే మట్టి తడిగా, చల్లగా తగిలింది. కొంచెం దిగువన పాత బండిబాట కింద రాతి తూము ఉంది. దాని నోరు మట్టితో పూర్తిగా పూడిపోయింది. తూము ఉందంటే అక్కడ నీళ్లు పారేవనే కదా?

ఏజెంటును అడిగితే, "మేడమ్, దీనికి పర్యావరణ అనుమతే అక్కర్లేదు, కాగితాలన్నీ వకీలు చూశారు" అన్నారు. అది నిజమేనా? నిజమైతే మాత్రం అలా ఉండటం సబబా? 2021 ఆగస్టులో భారీ వానకు చరియలు విరిగిపడి నంది కొండ పైకి వెళ్లే రోడ్డు మూసుకుపోవడం నేనింకా మరచిపోలేదు.

సిమెంటు చేతులు:
సివిల్ ఇంజనీరును. ఏజెంటు చెప్పింది అబద్ధం కాదండీ. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం భవనాలకైతే నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు, లేఅవుట్ల వంటివాటికైతే నేల 50 హెక్టార్లకు, అంటే దాదాపు 124 ఎకరాలకు చేరితేనే ముందస్తు అనుమతి కావాలి. పద్దెనిమిది ఎకరాలు ఆ దరిదాపులకే రావు. ఆ హద్దులు విస్తీర్ణాన్ని కొలుస్తాయి, వాలును కొలవవు.

అయితే మట్టికి నోటిఫికేషన్ తెలియదు. అటువంటి కొండల్లో అడుగున గట్టి రాయి, పైన వదులు మట్టి. ఇంకిన వాన నీరు ఆ రెండింటి మధ్య చేరితే పైపొర బరువెక్కి జారుతుంది. మీరు చెప్పినట్టు వాలు పాదాన్ని కోసేస్తే ఉన్న ఆసరా కూడా పోతుంది. రిటైనింగ్ గోడ కడతామంటే, నీళ్లు బయటికి పోయే గొట్టాలు పెడతారా, గోడ వెనక కంకర నింపుతారా అని అడగండి. నీటికి దారి లేని గోడ ఎంత మందంగా కట్టినా ఒరిగిపోతుంది.

అద్దె ఇంటి తండ్రి:
నేను ఒప్పుకోను. ఇల్లు కట్టుకునేవాళ్ల నెత్తిన పర్యావరణ సమీక్షలు పెడితే ఏమవుతుందో కాలిఫోర్నియాను చూడండి. మా తమ్ముడు అక్కడే ఉంటాడు. అక్కడ ఆ సమీక్షల చట్టం 1970 నాటిది, ఒంటరి ఇంటికి మామూలుగా మినహాయింపు ఉంది. అయినా బర్క్లీ కొండల్లో ఒక ఇంటికి 2010లో నగరం అనుమతి ఇస్తే, ఇరుగుపొరుగువారు కోర్టుకు వెళ్లారు. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2015 అయింది. అది పది కార్ల గ్యారేజీ ఉన్న ఇల్లు, వాళ్లు తట్టుకోగలిగారు. మనం అద్దె, బ్యాంకు వాయిదా రెండూ ఐదేళ్లు కట్టగలమా? భూమార్పిడికి, ఖాతాకు తిరిగే ఆఫీసులు చాలవా?

చిత్రావతి ఆడపడుచు:
అన్నగారూ, మీ కష్టమే నా కష్టం కూడా. కానీ నేను అడుగుతున్న పరీక్ష ఇల్లు కట్టుకునేవారికి కాదు, కొండను కోసేవారికి. సైటు మన చేతికి వచ్చేసరికి గట్టు కోసేసి ఉంటుంది, వాగు పూడ్చేసి ఉంటుంది. అప్పుడు నా 2,400 చదరపు అడుగులను ఎవరు పరీక్షించి ఏం లాభం? మొదటి జేసీబీ రాకముందే ఒక భూగర్భ నిపుణుడు, నీటిపారుదల తెలిసిన ఒక ఇంజనీరు వచ్చి చూడాలి. నెల రోజుల గడువు పెట్టండి, ఆలోపే తేల్చమనండి. లేఅవుట్ వేసేవారే ఖర్చు భరించాలి.

హోసూరు నుంచి:
తమిళనాడులో కొండ ప్రాంతాల పరిరక్షణకు 1990 నుంచే ఒక ప్రత్యేక సంస్థ ఉంది. గుర్తించిన కొండ గ్రామాల్లో కడితే భూగర్భ శాఖ, వ్యవసాయ ఇంజనీరింగ్ శాఖల అభిప్రాయం తీసుకోవాలి. అక్కయ్యా, ముందు కర్ణాటక సర్వే పటాలు చూపే దిశాంక్ యాప్‌లో ఆ సర్వే నంబరు చూడండి. భూమి రికార్డు పహణీలో బి ఖరాబు ఎంత రాశారో కూడా చూడండి. వాగులు, దారుల వంటి అందరి నేలను అలా రాస్తారు.

చిత్రావతి ఆడపడుచు:
తమ్ముడూ, చాలా మేలు చేశారు. నిన్న రాత్రే చూశాను. తూము ఉన్న చోటనే వాగును చూపే నీలి గీత ఉంది, అది మా సైటు మూల మీదుగా పోతోంది. పహణీలో ఆరు గుంటల బి ఖరాబు ఉంది. ఏజెంటు ఇచ్చిన ప్లానులో ఆ గీతే లేదు.

నాన్నకు ఫోను చేసి చెప్పాను. పెన్న, చిత్రావతి, పాపాగ్ని ఈ కొండల చుట్టుపక్కలే పుడతాయి. "అక్కడ వాగు పూడిస్తే ఇక్కడ మన ఏరు ఏమవుతుందమ్మా?" అని ఒక్క మాట అడిగి ఊరుకున్నారు. మావారు పక్క గదిలోంచి అది విన్నారు.

గీత ప్లానులో ఎందుకు లేదో రాతపూర్వకంగా చెప్పమని ఈ ఉదయం ఉత్తరం ఇచ్చాం. జవాబు వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వడం లేదు.