డీప్ మార్జిన్ 1 మి.మీ. అని వచ్చింది, మళ్లీ ఆపరేషన్ చేయించాలా?

గోదారమ్మాయి:
అందరికీ నమస్కారం. మా అక్కకి 46 ఏళ్లు. పోయిన నెల ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ వరకే తీసి రొమ్ము ఉంచారు. గడ్డ 1.8 సెం.మీ., చంకలో తీసిన నోడ్స్‌లో (లింఫ్ గ్రంథుల్లో) ఏమీ లేదు. రిపోర్టులో మాత్రం అన్ని మార్జిన్లూ (తీసిన ముక్క అంచులు) ఫ్రీ, డీప్ మార్జిన్ 1 మి.మీ. అని రాశారు, అంటే వెనక అంచుకీ క్యాన్సర్‌కీ మధ్య అంతే దూరం. సర్జన్ గారు మళ్లీ కోయక్కర్లేదు, రేడియేషన్ చాలన్నారు. మా పెద్దమ్మేమో "మొత్తం తీయించేసుకుంటే పోయేదిగా" అని రోజూ అదే మాట, అక్కకి రాత్రిళ్లు నిద్ర లేదు. 1 మి.మీ. నిజంగా సరిపోతుందా? దగ్గరగా ఉంటే మళ్లీ వస్తుందా?

స్లైడ్‌బాక్స్:
పాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, కాబట్టి ఆ 1 మి.మీ. ఎలా వస్తుందో చెప్తా. తీసిన ముక్కకి సర్జన్ దారాలు కుట్టి పంపుతారు, చాలాచోట్ల పొట్టి దారం పైవైపుకి, పొడుగుది బయటివైపుకి గుర్తు. మేం ఒక్కో వైపుకి ఒక్కో రంగు ఇంకు పూసి, ఆరాక పల్చగా కోసి స్లైడ్లు చేస్తాం. మైక్రోస్కోప్‌లో క్యాన్సర్ కణాలు ఆ ఇంకుని తాకితే మార్జిన్ పాజిటివ్. తాకకపోతే నెగటివ్, మీ అక్కది నెగటివే. 2014లో అమెరికా సర్జన్ల, రేడియేషన్ డాక్టర్ల సంఘాలు కలిసి 33 స్టడీలు, 28 వేల పైచిలుకు మంది వివరాలు చూశాయి. పాజిటివ్ అయితే అదే రొమ్ములో తిరిగి వచ్చే రిస్క్ కనీసం రెట్టింపు, కానీ ఇంకు తాకకుండా ఉండి రేడియేషన్ కూడా తీసుకుంటే ఇంకా వెడల్పుగా కోసినందువల్ల ఆ రిస్క్ పెద్దగా తగ్గలేదని తేల్చాయి. ఇది ఇన్వేసివ్, అంటే పాలనాళాలు దాటి చుట్టూ పాకిన క్యాన్సర్‌కి. పాలనాళాల్లోనే ఉండిపోయిన డీసీఐఎస్ ఒక్కటే అయితే 2016 నుంచి 2 మి.మీ. అంటున్నారు. మీ రిపోర్టులో ఏది రాశారో చూడండి.

లెస్టర్ వదిన:
మేం ఇంగ్లండ్‌లో ఉంటాం, ఇక్కడ లెక్క కొంచెం వేరు. ఇంకు తాకకపోతే చాలు అనరు, 1 మి.మీ. ఉండాలంటారు. 2022లో బీఎంజే అనే వైద్య పత్రికలో 68 స్టడీలు కలిపి చూసినప్పుడు కూడా మార్జిన్ మరీ దగ్గరగా ఉన్నవాళ్లలో తిరిగి రావడం ఎక్కువగా కనిపించింది, అందుకే కనీసం 1 మి.మీ. ఉండేలా చూడమన్నారు. మీ అక్కది సరిగ్గా ఆ గీత మీద ఉంది. అందుకని భయపడమని కాదు, రేడియేషన్ డాక్టర్ని గడ్డ ఉన్నచోట బూస్ట్, అంటే అదనపు రేడియేషన్ డోసు, ఇస్తారా అని అడగండి, 46 ఏళ్లంటే చిన్న వయసు కాబట్టి ఎలాగూ ఆలోచిస్తారు.

గోదారమ్మాయి:
ఇన్వేసివ్ డక్టల్ అని ఉందండి, డీసీఐఎస్ కొంచెం ఉంది గానీ అది మార్జిన్‌కి దూరమే. మరి డీప్ వైపు ఇంకొంచెం తీయించుకుంటే మనశ్శాంతి కదా?

స్లైడ్‌బాక్స్:
డీప్ అంటే వెనకవైపు. అక్కడ రొమ్ము అయిపోయి ఛాతీ కండరం మీది పొర మొదలవుతుంది. సర్జన్ ఆ పొరదాకా తీసేసి ఉంటే వెనక తీయడానికి రొమ్ము మిగలదు, రెండోసారి కోసినా పెద్ద ఉపయోగం ఉండదు. ఆపరేషన్ నోట్స్ అడిగి ఆ మాట ఉందేమో చూసుకోండి.

పసుపుచీర:
అమ్మా, నాకు ఇంకు తాకింది, రెండోసారి కోశారు. అందులో ఏమీ దొరకలేదు. తర్వాత రేడియేషన్, బూస్ట్‌తో కలిపి. చర్మం నల్లబడి, చంక కింద మంటగా ఉండేది, కాటన్ జాకెట్టు తప్ప ఏదీ వేసుకోలేకపోయా, కొన్ని వారాలకి తగ్గింది. మీ పెద్దమ్మగారికి ఇది చెప్పండి: 1976లో అమెరికాలో మొదలుపెట్టిన పెద్ద ట్రయల్‌లో 20 ఏళ్ల తర్వాత చూస్తే, రొమ్ము మొత్తం తీసినవాళ్లకీ గడ్డ మాత్రమే తీసినవాళ్లకీ ప్రాణాల విషయంలో తేడా రాలేదు. తేడా వచ్చింది రేడియేషన్ దగ్గర. గడ్డ తీసి రేడియేషన్ మానేసిన వాళ్లలో 39 శాతం మందికి అదే రొమ్ములో తిరిగి వచ్చింది, తీసుకున్నవాళ్లలో 14 శాతం. ఇవి పాత రోజుల అంకెలు, ఇప్పుడు మందులు మెరుగై ఇంకా బాగా తగ్గాయి. మొత్తం తీయించుకున్నా ఛాతీ చర్మం మీద తిరిగి రావచ్చు, ఆ సంగతి ఇంట్లో ఎవరూ చెప్పరు. కాబట్టి ఈ మాటల్లో పడి రేడియేషన్ మాత్రం ఆలస్యం చేయకండి. హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ (హార్మోన్లతో పెరిగే రకం) అయితే మాత్రలు రోజూ వేసుకోవాలి, ఏడాదికోసారి మామోగ్రామ్ తప్పనిసరి.

గోదారమ్మాయి:
ఆపరేషన్ నోట్స్ ఫైల్లోనే ఉన్నాయి, కండరం మీది పొరతో సహా తీశాం అని రాశారు. ఇప్పుడే అక్కకి చదివి వినిపించా. బూస్ట్ గురించి సోమవారం అడుగుతాం.