హమ్మింగ్‌బర్డ్ వచ్చి మళ్ళీ రావడం లేదు, ఏం చేయాలి?

పెరటితోట_ఆస్టిన్: మార్చి చివర్లో పెరట్లో ఫీడర్ (పిట్టలు తాగడానికి తీపినీళ్ళు పోసి వేలాడదీసే గిన్నె) కట్టాను. ఒక పిట్ట రెండుసార్లు వచ్చి తాగింది. మూడు వారాలుగా జాడే లేదు. గొంతు నల్లగా ఉంది, ఏ రకమో తెలియలేదు. అమ్మ వీడియో చూసి "మన తేనెపిట్టే కదా" అంది. షాపులో దొరికే ఎర్రనీళ్ళు పోశాను, మళ్ళీ మార్చలేదు.

మందారం_ఎడిసన్: ఆ నీళ్ళు పులిసిపోయి ఉంటాయండీ. ఒక కప్పు తెల్ల పంచదారకి నాలుగు కప్పుల నీళ్ళు, అంతే. రంగు వద్దు, ఫీడర్ ఎర్రగా ఉంటే చాలు. ఎండల్లో రెండు రోజులకోసారి పారబోసి, వేడినీళ్ళతో బ్రష్ పెట్టి కడగండి. మొదటి ఏడాది నేను మంచిదనుకుని బెల్లం నీళ్ళు పోశాను. బెల్లంలోని ఇనుము వాటికి హాని చేస్తుందని తర్వాత తెలిసి చాలా బాధపడ్డాను. మూడు గ్రాముల ప్రాణం అది! తేనె కూడా వద్దు, త్వరగా బూజు పడుతుంది.

గువ్వ_శాన్ఆంటోనియో: నలుపు చూసి రకం తేల్చకండి. ఆ ఈకలు వెలుగు పడే కోణాన్ని బట్టి మెరుస్తాయి. ఎండలో గొంతంతా ఎర్రగా మెరిస్తే రూబీ-త్రోటెడ్. గడ్డం నల్లగానే ఉండి, కింద అంచున ఊదా పట్టీ కనిపిస్తే బ్లాక్-చిన్డ్. ఆడవాటిని పోల్చడం కష్టం. తాగుతున్నంతసేపూ తోక ఆడిస్తుంటే బ్లాక్-చిన్డ్ కావచ్చు. అమ్మగారికి చెప్పండి, తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ మీద వాలి తాగుతుంది, ఇది గాల్లో నిలబడి తాగుతుంది. అమెరికా ఖండాల్లో తప్ప ఇవి ఎక్కడా లేవు.

సన్నీవేల్_తోటమాలి: మా దగ్గర ఆనాస్ హమ్మింగ్‌బర్డ్ ఏడాది పొడవునా ఉంటుంది. ఒక మగది ఫీడర్ తనదే అన్నట్టు అందరినీ తరిమేది. దానికి కనపడకుండా ఇంటి అవతలి వైపు ఇంకొకటి కట్టాను, ఇప్పుడు ఆడది స్థిమితంగా తాగుతోంది. పురుగుమందు మాత్రం కొట్టకండి. చిన్న పురుగులూ సాలీళ్ళూ వాటి తిండి, గూడు కట్టడానికీ సాలెపట్టు వాడతాయి. నేనైతే పెరట్లో సాలెగూళ్ళు దులపడం మానేశాను.

పెరటితోట_ఆస్టిన్: ఫీడర్ కడిగి కొత్త నీళ్ళు పోశాను, పక్కనే కోరల్ హనీసకిల్ తీగ నాటాను. ఈ ఉదయం వచ్చింది! ఎండ తగలగానే గడ్డం కింద ఊదా పట్టీ మెరిసింది, బ్లాక్-చిన్డ్. వీడియో చూసి అమ్మ "వాలకుండానే తాగుతోందే!" అని మూడుసార్లు పెట్టించుకుంది. ఇప్పుడు చీమలు పట్టాయి, ఏం చేయాలి?

మందారం_ఎడిసన్: నూనె రాయకండి, ఈకలకి అంటుకుంటుంది. ఫీడర్‌కీ అది వేలాడే కొక్కేనికీ మధ్యలో చిన్న నీళ్ళ గిన్నె తగిలించండి. చీమలు దాటలేవు.