‘మఱియు దానింతై’: దా సరియా, తా సరియా?

నల్లగొండ: సీ ప్రోగ్రాములు ఎంత స్టాక్ (ఫంక్షన్ పిలుపులకు పట్టే మెమరీ) వాడతయో అంచనా కట్టే కమాండ్‌లైన్ టూల్‌కు తెలుగు సహాయపత్రం రాస్తున్నం. రికర్షన్ భాగానికి, వామనుడు పెరిగే పోతన పద్యంల ‘ఇంతింతై వటుడింతయై మఱియు దానింతై’ అనే పాదం శీర్షిక పెట్టాలని ఉన్నది. ‘దానింతై’ అనాల్నా, ‘తానింతై’ అనాల్నా? తన్ను తానే పిలుచుకునే ఫంక్షన్ కాబట్టి ‘తాను’ వినబడాలె.

దేవరకొండ: దానింతై. మఱియున్ ద్రుతాంతం, అంటే చివర నకారమున్న పదం, దాని మీద తాన్ వస్తే సరళాదేశం, త ద అయితది. తకారం అచ్చేస్తే సంధి పోయినట్టే.

గద్వాల: ‘దాని ఇంతై’ అని విడదీస్తే? 13వ అక్షరం ‘నిం’, ఎట్ల విడదీసినా యతి (పాదం మొదటి అక్షరంతో పొత్తు) చెల్లుతది.

దేవరకొండ: యతి చెల్లితే అన్వయం చెల్లినట్టు కాదు సార్. కర్త వటుడు. మహత్తుకు, అంటే మగవాన్ని చెప్పే పదానికి, ‘దాని’ ఎట్ల పొసుగుతది?

మిర్యాలగూడ: అసలు ఆ పద్యమే అక్కడ తగదు. వామనుడు పైకి పెరిగిండు. ఎక్స్86లో (ఇంటెల్ తరహా ప్రాసెసర్లల) స్టాక్ పెద్ద అడ్రసు నుంచి చిన్నదానికి దిగుతది. బలి సుతలానికి పోయే ఘట్టం చూడండి.

గద్వాల: అడ్రసు దిగినా లోతు పెరుగుతనే ఉంటది కదా. ఒక్కో పిలుపుకు పట్టే జాగ, అంటే ఫ్రేము, 48 బైట్లయితే లక్ష పిలుపులకు 48,00,000. లినక్స్‌లో మామూలుగా ఉండే 8 ఎంబీ స్టాక్ల ఇముడుతది. రెండు లక్షలయితే 96,00,000, సెగ్మెంటేషన్ ఫాల్టే, ప్రోగ్రాం కూలుతది. పోతన అట్ల వదిలెయ్యలె. నభోవీధి, తోయదమండలం, చంద్రుడు, ధ్రువుడు అని మెట్టు మెట్టుకూ కొలత చెప్పి, బ్రహ్మాండాంతం దగ్గర ఆపిండు. ఆగే షరతున్న రికర్షన్ అంటే అదే!

నారాయణపేట: పత్రంల ఈ ముక్క తప్పక రాయండి. సీ కంపైలర్ జీసీసీకి ఎఫ్‌స్టాక్‌-యూసేజ్ ఆప్షనిస్తే వచ్చే ఎస్‌యూ ఫైల్ల ఉండేది ఒక్కో ఫంక్షన్ సొంత లెక్కే. పిలుపుల గొలుసు వెంట కూడాలె. రికర్షన్ లోతు, ఫంక్షన్ పాయింటర్ ఎటు పోతదన్నది అందులో దొరకవు. పక్కన ఉత్త ‘డైనమిక్’ అని పడితే ఆ అంకెను గరిష్ఠమనుకోవద్దు, నడుస్తుండంగ స్టాక్ మీద జాగ తీసుకునే అలోకానో, పొడవు మారే అర్రేనో ఉంటది. ఆప్టిమైజేషన్ లేని ఓ0తో కొలిచి, ఆప్టిమైజేషన్ ఉన్న ఓ2తో బిల్డ్ చేస్తే లెక్క తప్పుతది. ఓ2 తోక పిలుపును (ఫంక్షన్ చివరి పనిగా చేసే పిలుపును) లూపు చేస్తే ఫ్రేములే పెరగవు.

నల్లగొండ: రాస్తం. మరి ‘మఱియుం దా’ అని నిండు సున్న పెడితే సంధి కండ్లకు కనబడుతది కదా?

దేవరకొండ: వద్దు! ఈ పద్యం శార్దూలం, అందుల నాలుగో గణం సగణం (రెండు లఘువులు, ఒక గురువు), ‘ఱియుదా’. నిండు సున్న పెడితే ‘యుం’ గురువై గణం చెడుతది. అరసున్న పెట్టండి: మఱియుఁ దా.

మిర్యాలగూడ: టెర్మినల్ ఫాంట్ల అరసున్న డబ్బా అయితదేమో, ముందు చూసుకోండి. సుతలం మాట మాత్రం నేను విడువ.