ఆరాధన కచేరీలకి వెళ్తే భోజనం ఎక్కడ? సభ పంక్తిలోనా, ఊళ్లో వెతుక్కునా?

పాలకొల్లు రసికుడు: పుష్య బహుళ పంచమి వస్తోంది. త్యాగరాజ ఆరాధనకి ఈసారి అమలాపురం, కాకినాడ, రాజమండ్రి చుట్టి రావాలని నేనూ మా ఇంటావిడా అనుకుంటున్నాం. పాట సంగతి మేం చూసుకుంటాం. తిండి ఎక్కడ బాగుంటుందో చెప్పండి.

కోనసీమ శ్రోత: రాజోలు మీదుగా వస్తారు కదండీ, పొద్దున్నే అంబాజీపేటలో దిగండి. పొట్టిక్కలు తినండి. పనసాకు బుట్టల్లో మినప్పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పట్టి ఉంటుంది. ఎండెక్కితే దొరక్కపోవచ్చు. మధ్యాహ్నం కాకినాడలో సుబ్బయ్య హోటల్. అక్కడ తిన్నాక రాత్రికి మజ్జిగ చాలు. రాజమండ్రికి సామర్లకోట దారిలో వెళ్తే పెద్దాపురంలో పాకం గారెలు అడగండి.

గోదారి గట్టు: రాజమండ్రిలో రోజ్‌మిల్క్ మర్చిపోకండి.

తంబురా శ్రుతి: ఆరాధనకి వెళ్ళి హోటళ్ళ చుట్టూ తిరగడమేంటండీ? సంతర్పణ ఉంటుంది. పులిహోర, దప్పళం, దద్దోజనం, స్వామి ప్రసాదంగా పెడతారు. త్యాగయ్య ఉంఛవృత్తి, అంటే ఇంటింటా భిక్ష, చేసుకు బతికిన మహానుభావుడు. పైగా పొట్టిక్కల కోసం ఆగారంటే అందరూ కలిసి పాడే పంచరత్న కృతుల్లో మొదటిది, నాట రాగం కృతి, అయిపోయాక చేరతారు. అలా మధ్యలో వచ్చి చాపల మీద జనాన్ని తొక్కుకుంటూ కూర్చునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పొట్టిక్క మాత్రం ఏంటి, ఇడ్లీయే కదా.

కోనసీమ శ్రోత: ఇడ్లీ కాదు. ఇడ్లీ పళ్ళెంలో పోసి చూడండి, అదే పిండి అయినా ఆ రుచి రాదు. పచ్చి పనసాకు ఆవిరికి వదిలే పసరు వల్ల వచ్చేది అది. తెల్లారకుండా బయల్దేరితే తిని కూడా నాటకి ముందే కూర్చోవచ్చు. నేనెప్పుడూ నాట తప్పలేదు.

తంబురా శ్రుతి: రుచంతా రుబ్బడంలో ఉంది, ఆకులో కాదు. మా అమ్మ గిన్నెలో వేసినా అలాగే వచ్చేది.

మెరక వీధి: పాలకొల్లు ఆయనకి ఇంటి దగ్గరే దిబ్బరొట్టి, చెరుకు పానకం ఉండగా ఇంత దూరం ఎందుకో.

కోనసీమ శ్రోత: గిన్నెలో వేస్తే అది పొట్టిక్క కాదు.

తంబురా శ్రుతి: సరే, మీరే గెలిచారు. కానీ సంగీతం కోసం వచ్చేవాళ్ళు వేరు, తిండి యావతో వచ్చేవాళ్ళు వేరు. ప్రసాదం కాదని హోటలుకి పోయేవాళ్ళకి భక్తి ఉందని నేననుకోను.

కోనసీమ శ్రోత: భక్తి మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. మా నాన్న డోలు వాయించేవారు. ఒక ఊళ్లో ఆరాధనకి, స్వామి పటం ముందు వీధులన్నీ తిరిగి వాయించింది ఆయన మేళమే. భోజనాల వేళకి పాడినవాళ్ళకీ వయొలిన్ ఆయనకీ హాల్లో అరిటాకులు వేశారు. మేళం వాళ్ళని పెరట్లో కూర్చోమన్నారు, అదీ అందరూ లేచాక. దప్పళం అడుగంటింది, పులిహోర లేదు. నాన్న ఏమీ అనకుండా తిన్నారు. నేను పక్కనే ఉన్నాను. అప్పట్నుంచీ సభ పంక్తిలో కూర్చోలేదు, కూర్చోను. హోటల్లో డబ్బిచ్చి కూర్చుంటే నువ్వెవరి అబ్బాయివని అడగరు.

గోదారి గట్టు: 🙏

తంబురా శ్రుతి: అలా చేయడం తప్పే. కానీ ఎక్కడో జరిగినదానికి అన్ని సభలనీ ఒకే గాటన కడితే ఎలా? మా సభలో చీకటుండగానే లేచి కూరలు తరిగేవాళ్ళలో నేనొకణ్ణి. వడ్డించేదీ మేమే. వచ్చిన జనం పాట వినేసి బయటికి తినడానికి పోతుంటే వండిన గుండిగల ముందు నిలబడే మాకెలా ఉంటుందో మీరు ఎప్పుడైనా ఆలోచించారా?

కోనసీమ శ్రోత: మీ కష్టం కాదనను. ఒక్కటే అడుగుతున్నాను. మీ దగ్గర మేళం వాళ్ళు ఏ పంక్తిలో తింటారు?

తంబురా శ్రుతి: రెండోదాంట్లో. ఊరేగింపు ముగించుకుని వచ్చేసరికి ఆలస్యమవుతుంది కాబట్టి. ఎవరూ వెనక్కి పంపలేదు.

కోనసీమ శ్రోత: వాళ్ళు వచ్చేదాకా మొదటి పంక్తి ఆపొచ్చుగా.

తంబురా శ్రుతి: ఎలా ఆపుతామండీ? షుగరున్న పెద్దవాళ్ళు ఉంటారు, వంట చల్లారిపోతుంది.

లయ పిచ్చి: తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారినే అక్కడ పాడనివ్వలేదు, ఆడవాళ్ళకి లేదన్నారు. అప్పుడూ చూపడానికి వాళ్ళకి కారణాలు ఉండే ఉంటాయి. షుగరున్నవాళ్ళకి ముందు వడ్డించండి. పాడినవాళ్ళూ కమిటీ వాళ్ళూ మేళంతో కలిసి కూర్చోవచ్చు కదా.

తంబురా శ్రుతి: నేనొక్కణ్ణి తీసుకునే నిర్ణయం కాదు.

కోనసీమ శ్రోత: కమిటీలో అడగండి. వాళ్ళేమన్నారో ఇక్కడే రాయండి. కలిపి కూర్చోబెడతామంటే ఈ పంచమికి మీ సభకే వస్తాను, కూరలు తరగడానికి కూడా.