కోవిడ్‌లో అసువులు బాసిన వైద్య సిబ్బందికి పియానోపై స్మృతి సంగీతం: ఎలా కూర్చాలి?

ప్రశ్న (స్వరసాధకుడు):
కోవిడ్ రోగులకు సేవ చేస్తూ మరణించిన వైద్యులు, నర్సులు, పారిశుద్ధ్య కార్మికుల స్మృత్యర్థం, సాహిత్యం లేకుండా పియానో ఒక్కదానిపైనే వాయించదగిన రచన చేయాలని సంకల్పించాను. 2020 జనవరి నుంచి 2021 మే వరకు ప్రపంచంలో సుమారు 1,15,500 మంది ఆరోగ్య సిబ్బంది మరణించి ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఆ సంఖ్యను తలచుకుంటే విలంబ కాలంలో సాగే శోకం తప్ప మరేదీ తోచక శివరంజని రాగంలో మొదలుపెట్టాను. అయితే ఆద్యంతం దుఃఖమే వినిపిస్తే అది వారికి తగిన నివాళి అవుతుందా?

సమాధానం (పియానో అధ్యాపకురాలు):
ఫ్రెంచి స్వరకర్త రవెల్ 1914–17 మధ్య కూర్చిన ‘ల టోంబో ద కూపెరాన్’ అనే పియానో కృతిని శ్రద్ధగా వినండి. అందులోని ఆరు భాగాలనూ మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన మిత్రులకు అంకితమిచ్చారు. ఒక భాగం మాత్రం అన్నదమ్ములిద్దరిది. అయినా అందులో మూడు భాగాలు పాత నాట్యరీతుల్లో నడుస్తాయి. చివరిదైన టొకాటా ఎంతో వేగంగా సాగుతుంది. అది ఎవరికి అంకితమో, ఆయన భార్య మార్గరీత్ లాంగే 1919లో పారిస్‌లో ఆ కృతిని తొలిసారి వాయించారు. నా మటుకు నాకు, లక్షమందికి కలిపి ఒకే విషాదం రాయడం కంటే ఒక్కొక్కరి పనితీరును, నడకను గుర్తుచేసే చిన్న భాగాలు రాయడమే గౌరవమనిపిస్తుంది.

సమాధానం (వీణ విద్యార్థి):
అధ్యాపకురాలి గారి మాట సబబే గానీ, కడసారి చూపుకైనా నోచుకోని కుటుంబాలున్నాయి కనుక శోకాన్ని తొందరగా దాటవేయకండి. పియానో మెట్లపై గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) పలకదు. శివరంజనిలోని సాధారణ గాంధారం (కింది ‘గ’) మోడుగా వినబడకుండా రిషభాన్ని (‘రి’ని) ముందు లేశంగా తాకి, పెడల్‌తో నాదాన్ని నిలపండి. ఇక శివరంజనిలో ఆ గాంధారం ఒక్కటి అంతర గాంధారంగా (ఒక మెట్టు పైనున్న ‘గ’గా) మారితే మోహన రాగమవుతుంది. వారి సేవను, ఉత్సాహాన్ని చెప్పే భాగానికి రాగమంతా మార్చనక్కరలేదు, ఒక్క మెట్టు చాలు.

స్వరసాధకుడు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మధ్య భాగాన్ని రాత్రి విధుల్లో ఉన్న నర్సు చురుకైన నడకతో, మోహనంలో రాస్తాను. అంకితంలో ఎవరి పేరైనా వేసే ముందు వారి కుటుంబం అనుమతి తీసుకుంటాను. ఆశా కార్యకర్తలకూ ఒక భాగం ఉండాలి. దానికి ఏ తాళం తగునో సూచించగలరా?